కాళ్లు పడిపోయింది సూది వల్లేనా?

పసిపిల్లకు మెదడు పొరల వాపు అనుమానం ఉందని, నడుములోంచి నీరు తీయాలని డాక్టర్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయట!" ఈ భయం ఊరికే పుట్టలేదు. ఈ జబ్బు నుంచి బతికి బయటపడ్డాక కాళ్లు కదపలేని పిల్లలు, అరుదుగానైనా, ఉంటారు. కాకపోతే నింద పడేది సూది మీద.

ఆ సూదికి 130 ఏళ్లు దాటాయి. 1891లో జర్మనీలోని కీల్‌లో హైన్రిక్ క్వింకే ఈ పద్ధతి చూపించారు. తర్వాత అమెరికాలో సైమన్ ఫ్లెక్స్‌నర్, గుర్రం రక్తం నుంచి చేసిన సీరమ్‌ను ఇదే దారిలో ఎక్కించి ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాల్లో ఒకటైన మెనింగోకాకస్ వల్ల వచ్చే మరణాలను బాగా తగ్గించారు. న్యుమోకాకస్, హిబ్ అనే మిగతా బ్యాక్టీరియాలు సోకిన పిల్లలు మాత్రం సల్ఫా మందులు, యాంటీబయాటిక్స్ వచ్చేదాకా దాదాపుగా బతికేవారు కాదు. బతకడం మొదలయ్యాకే చెవుడు, ఫిట్స్ లాంటివి లెక్కలోకి వచ్చాయి.

ఈ జబ్బు వెన్నుపామునూ దెబ్బతీస్తుందన్న సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. స్పృహ లేని బిడ్డ కాళ్లు కదపకపోతే నీరసం అనుకోవడం తేలిక. మాటలు రాని పిల్లాడు తిమ్మిరెక్కిందని చెప్పలేడు. ఉచ్చ ఆగిపోయి పొట్ట కింద ఉబ్బినా, గొట్టం వేసి ఉంటే అదీ బయటపడదు. 1980ల్లో ఎంఆర్ఐ వచ్చాకే లోపల ఏం జరిగిందో కళ్లకు కనిపించింది.

మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే పొరలు ఒకటే, నీరూ ఒకటే. చీము కిందికీ దిగుతుంది. సన్నని రక్తనాళాలు వాచి మూసుకుపోతాయి. దానికి తోడు బీపీ పడిపోతే వెన్నుపాముకు రక్తం అందదు. కొందరిలో చీముగడ్డ నొక్కేస్తుంది.

మరి సూది? పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. పుట్టిన బిడ్డలో మూడో పూస దాకా దిగి ఉండొచ్చు. అందుకే ఇంకా కిందనే గుచ్చుతారు. తలలో ఒత్తిడి బాగా ఎక్కువుందనిపిస్తే నీరు తీయడం వాయిదా వేసి ముందు యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

హిబ్‌ను అడ్డుకునే పెంటావాలెంట్ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో మొదలైంది. న్యుమోకాకల్ టీకా 2021 నాటికి దేశమంతా వచ్చింది.

ఇంకో సంగతి. 15 ఏళ్లలోపు పిల్లల కాళ్లు హఠాత్తుగా మెత్తబడి చచ్చుబడితే, కారణం ఏదైనా, మన దగ్గర పోలియో నిఘా వాళ్లకు చెప్పాల్సిందే. వాళ్లొచ్చి రెండుసార్లు మలం శాంపిల్ అడిగితే, "చుక్కలన్నీ వేయించాం కదా" అని తల్లిదండ్రులు కంగారు పడనక్కర్లేదు.