78 వేల సబ్సిడీ సరే, మీ కరెంటు బిల్లు స్లాబు ఎంత? ఇంటి సోలార్‌పై అపోహలు - వాస్తవాలు

ఇళ్ల మీద సోలార్ ప్లాంట్లు పెట్టడం నా వృత్తి. 2024 ఫిబ్రవరిలో ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక నాకొచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్నే మారిపోయింది. అంతకుముందు "ప్యానెల్ ఎన్నేళ్లు వస్తుందండీ?" అని అడిగేవారు. ఇప్పుడు "సబ్సిడీ పోనూ ఎంత పడుతుంది?" అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే ఈ సబ్సిడీ చుట్టూ అపోహలు బాగా పేరుకున్నాయి. వాటిలో కొన్ని మా వ్యాపారంలోని వాళ్లు పుట్టించినవే.

అపోహ: ప్రభుత్వం నెలకు 300 యూనిట్లు ఉచితంగా ఇస్తుంది.

పథకం పూర్తి పేరులోనే 'ముఫ్త్ బిజిలీ' (ఉచిత కరెంటు) ఉంది కాబట్టి జనాన్ని తప్పుపట్టలేం. కానీ ప్రభుత్వం ఇచ్చేది యూనిట్లు కాదు, ప్లాంటు ఖర్చులో కొంత డబ్బు. మన ఎండలకు ఒక కిలోవాట్ ప్లాంటు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తుంది. 3 కిలోవాట్లు పెడితే నెలకు 300 దాటుతుంది. ఆ 300 లెక్క అక్కడి నుంచి వచ్చింది. వానాకాలంలో తగ్గుతుంది, మార్చి, ఏప్రిల్‌లో పెరుగుతుంది.

'జీరో బిల్లు' అన్నమాట కూడా పూర్తిగా నిజం కాదు. నెట్ మీటర్‌లో (మీరు వాడిన కరెంటులోంచి బయటికి పంపింది తీసేసి లెక్కగట్టే మీటర్) యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు వస్తూనే ఉంటాయి. గతంలో వాడిన యూనిట్ల మీద వేసే ట్రూ-అప్ ఛార్జీలు సోలార్ పెట్టాక కూడా కొన్నాళ్లు రావచ్చు. ఇది ముందే చెప్పకపోతే మొదటి బిల్లు చూసి "మోసం చేశారండీ" అంటారు.

అపోహ: ప్లాంటు పెద్దదైతే సబ్సిడీ కూడా పెద్దదే.

మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో దానికి 18 వేలు. మొత్తం 78 వేలు. అక్కడితో ఆగిపోతుంది. 5 పెట్టినా, 10 పెట్టినా అదే 78 వేలు. పైగా ప్యానెళ్ల మొత్తం, ఇన్వర్టర్ కెపాసిటీ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే ప్లాంటు సైజుగా తీసుకుంటారు. 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టి 2 కిలోవాట్ల ఇన్వర్టర్ తగిలిస్తే మీకొచ్చేది 60 వేలే. కొటేషన్‌లో ఈ రెండు అంకెలూ విడివిడిగా రాయించుకోండి.

ఇంకో సంగతి కొటేషన్‌లో కనపడదు. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే వాడాలి. వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటాం. మామూలు ప్యానెళ్ల కంటే ఇవి ఖరీదు. 3 కిలోవాట్ల ప్లాంటుకు 78 వేలంటే వాట్‌కు 26 రూపాయలు వచ్చినట్టు, కాబట్టి ఆ అదనపు ధర లెక్కలోకే రాదు. అదే 10 కిలోవాట్ల ప్లాంటుకైతే వాట్‌కు 7 రూపాయల 80 పైసలే. రెండు రకాల ప్యానెళ్ల మధ్య ధర తేడా వాట్‌కు 8 రూపాయలు ఉందనుకోండి, మీ సబ్సిడీ మొత్తం ప్యానెళ్లకే పోయింది. పెద్ద ఇళ్లవాళ్లు రెండు రకాల కొటేషన్లూ తెప్పించుకుని చూడాలి. సబ్సిడీ వదులుకోవడమే లాభమయ్యే సందర్భాలు ఉంటాయి. ఈ మాట చెబితే నన్ను వింతగా చూస్తారు.

అపోహ: సబ్సిడీ ఉంది కాబట్టి ఎవరు పెట్టినా లాభమే.

అసలు విషయం ఇక్కడుంది. సోలార్ లాభాన్ని తేల్చేది సబ్సిడీ కాదు, మీ కరెంటు బిల్లులోని స్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ మెట్లుగా పెరిగే యూనిట్ రేటు.

ఆంధ్రప్రదేశ్ ఇళ్ల టారిఫ్ చూడండి. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. నెలకు 350 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ఛార్జీ 2,110 దాకా అవుతుంది. ఈ ఇంటి మీద ఒక్కో కిలోవాట్ నెలకు 110 యూనిట్లు ఇస్తుందని లెక్కేద్దాం. సోలార్ ముందు తగ్గించేది పైస్లాబునే. అందుకే మొదటి కిలోవాట్ నెలకు 960 రూపాయలు మిగులుస్తుంది. రెండోది 700. మూడోది 410. అంటే మూడో కిలోవాట్‌కు సబ్సిడీ తక్కువ, ఆదా కూడా తక్కువే. అయినా అందరూ 3 కిలోవాట్లే అడుగుతారు, 78 వేలు అన్న అంకె అంతగా నాటుకుపోయింది.

ఇంట్లో ఏసీ కొనే ఆలోచన ఉంటే, ఎలక్ట్రిక్ స్కూటర్ రాబోతుంటే 3 పెట్టుకోండి. లేకపోతే ఈ ఇంటికి 2 చాలు. సరిగ్గా 350 వాడే ఇంట్లో 3 పెట్టినా నెలకు 2,070 వరకు ఆదా. సబ్సిడీ పోనూ లక్షా పాతికవేలు పెట్టారనుకుంటే ఐదేళ్లకు వెనక్కొస్తుంది. బాగానే ఉంది.

ఇప్పుడు 120 యూనిట్లు వాడే ఇంటికి రండి. కరెంటు ఛార్జీ మొత్తం కలిపి 395 రూపాయలు. సోలార్ ఆ యూనిట్లన్నీ తుడిచేసినా మిగిలేది అంతే. ఈ ఇంటికి 3 కిలోవాట్లు అమ్మేవాళ్లను నేను చూశాను, "మిగిలిన కరెంటు డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ సంస్థకు) అమ్ముకోవచ్చు" అని చెప్పి మరీ. మిగిలిన యూనిట్లు కొంతకాలం మీ ఖాతాలో జమవుతాయి, సెటిల్‌మెంట్ సమయంలో వాటికి డబ్బు కడతారు. కానీ ఆ రేటు మీరు పైస్లాబులో కట్టేదానికి దగ్గర్లో కూడా ఉండదు. అమ్మకం కోసం డాబా నింపొద్దు.

తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వచ్చే కుటుంబాలకు ఇదే మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కట్టని బిల్లును తగ్గించుకోలేం. అక్కడే 400 దాటి వాడేవాళ్లకు పైస్లాబులో యూనిట్ 9.50 పడుతుంది, వాళ్లు ఆలస్యం చేయకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్లు పూర్తి ఉచితంగా, బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్లపై కేంద్ర సబ్సిడీకి అదనంగా 20 వేలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈ వర్గాలవారు ఎవరికైనా అడ్వాన్స్ ఇచ్చేముందు మీ డిస్కమ్ సెక్షన్ ఆఫీసులో అడగండి.

అపోహ: సబ్సిడీ తీసేసి మిగిలిందే కడితే చాలు.

మీ ఖర్చుతో మీరే పెట్టుకునే పద్ధతిలో, ప్లాంటు పెట్టి, నెట్ మీటర్ బిగించి, డిస్కమ్ తనిఖీ అయ్యాక సబ్సిడీ నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం సొమ్ము సర్దుకోవాల్సింది మీరే. "సబ్సిడీ మాకు వదిలేయండి, మేం చూసుకుంటాం" అనే వెండర్ దగ్గర జాగ్రత్త.

చేతిలో డబ్బు లేకపోతే 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా ప్రభుత్వరంగ బ్యాంకులు లోన్ ఇస్తున్నాయి, రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీకి) అర శాతం కలిపిన వడ్డీకి. పర్సనల్ లోన్ కంటే చాలా చవక. వెండర్ చూపించే ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐకి సంతకం పెట్టేముందు మీ బ్యాంకులో ఒకసారి అడగండి.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర. మీటర్ తాతగారి పేరు మీద, ఇల్లు నాన్న పేరు మీద, బ్యాంకు ఖాతా కొడుకు పేరు మీద. పల్లెల్లో సగం ఇళ్లు ఇంతే. ముందు మీటర్ పేరు మార్పు చేయించుకుంటే మిగతా పని సాఫీగా సాగుతుంది.

అపోహ: ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా మినహాయింపు ఉంది.

ఇంటి సోలార్‌కు లేదు. సోలార్‌పై 40 శాతం తరుగుదల చూపించి పన్ను తగ్గించుకునే వీలు వ్యాపారాల కోసం. జీఎస్టీ తగ్గిన మాట మాత్రం నిజం: 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాలపై 12 బదులు 5 శాతం. అంతకుముందు తీసుకున్న కొటేషన్ ఉంటే మళ్లీ వేయించుకోండి.

అపోహ: అపార్ట్‌మెంట్ వాళ్లకు ఏమీ రాదు.

వస్తుంది. లిఫ్టు, బోరు మోటారు, కారిడార్ లైట్లు, బండ్ల ఛార్జింగ్ లాంటి ఉమ్మడి అవసరాలకు పెట్టే ప్లాంటుకు అసోసియేషన్‌కు కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారు. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల వరకు. కామన్ మీటర్ బిల్లు అందరూ పంచుకునేదే కాబట్టి మెయింటెనెన్స్ నేరుగా తగ్గుతుంది. చిక్కల్లా ఒకటే. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ మీటర్ ఇంకా బిల్డర్ పేరు మీదే ఉంటుంది. వచ్చే మీటింగులో ప్యానెళ్ల కంపెనీల గురించి వాదించుకునేముందు కామన్ మీటర్ బిల్లు తీసి పైన ఎవరి పేరుందో చూడండి.