గ్రీకు ఇళ్లలో మగ్గం బరువులు

ప్రాచీన ఏథెన్సులో ఆడవాళ్లకు సభలో ఓటు లేదు. సుమారు 52 లీటర్ల బార్లీ ఖరీదు దాటిన బేరమేదీ సొంతంగా కుదుర్చుకునే వీలు చట్టం ఇవ్వలేదు. ఇది చదివిన ఒక పాఠకురాలు, 'మరి పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని ఏం చేసేవాళ్లు?' అని అడిగారు. కూర్చోవడం తక్కువే. చాలామంది నిలబడి నేసేవాళ్లు.

వాళ్ల మగ్గమంటే నాకు వల్లమాలిన ఇష్టం. గోడకు వాలుగా ఆనించిన రెండు కర్రలు, పైన ఒక దూలం, దాని నుంచి వేలాడే పడుగు, అంటే బట్ట పొడవునా సాగే పోగులు, అంతే. మన గుంట మగ్గంలో పడుగును అడ్డంగా పరిచి బిగిస్తాం. అక్కడ బిగువంతా భూమ్యాకర్షణదే. పడుగు పోగులను గుత్తులుగా చేసి, గుత్తికొక మట్టి బరువు కట్టేవాళ్లు. సన్నటి ఉన్ని పోగుకు 10 గ్రాముల బిగువు కావాలనుకోండి, 150 గ్రాముల బరువుకు 15 పోగులు కట్టాలి. 30 గ్రాములు కావాల్సిన ముతక పోగులైతే ఐదే. లెక్క మించితే పడుగు వదులై చిక్కుపడుతుంది, తగ్గితే పోగు తెగుతుంది.

బరువు మందమూ ముఖ్యమే. బరువులు ముందొక వరుస, వెనకొక వరుసగా పక్కపక్కనే వేలాడతాయి. ఒక్కోటి 2 సెంటీమీటర్ల మందముంటే, ఆ మేరలో రెండు వరుసలవీ కలిపి 30 పోగులు, అంటే సెంటీమీటరుకు 15. కర్రా, ఉన్నీ ఏనాడో చివికిపోయాయి. అయినా మిగిలిన మట్టి ముద్దను తూచి, మందం కొలిస్తే ఆ ఇంట్లో ఎలాంటి బట్టకు ఆ బరువు సరిపోయేదో అంచనా కట్టొచ్చు! క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు ఫిలిప్ నాశనం చేసిన ఒలింథస్ నగరపు ఇళ్లలో ఇలాంటి బరువులు గుట్టలుగా దొరికాయి. బడిలో ఏథెన్సు నాయకుడు పెరిక్లీసు గురించీ, యుద్ధాల గురించీ చెప్పినంత శ్రద్ధగా ఈ మట్టి ముద్దల గురించి కూడా చెప్పాలి. వీటితో పిల్లలకు భారం, బిగువు, సగటు మూడూ ఒకేసారి పట్టుబడతాయి.

వడకడం ఇంకా పెద్ద పని. సెంటీమీటరుకు పడుగు 10, పేక (అడ్డ పోగులు) 10 అనుకుంటే చదరపు మీటరుకు 2 కిలోమీటర్ల పోగు కావాలి. నేలకు వేలాడే కదురుతో గంటకు 40, 50 మీటర్లు వడికితే ఆ పోగుకే 40 గంటలకు పైగా పడుతుంది. ఒంటికి చుట్టుకునే పెద్ద బట్ట ఐదు చదరపు మీటర్లుంటే, మగ్గం ఎక్కకముందే 200 గంటలు. ఇంటి ఇల్లాలూ, కూతుళ్లూ, బానిస స్త్రీలూ అందరూ ఇందులోనే ఉండేవాళ్లు.

ఇంత శ్రమకు విలువ లేదా? ఉంది. క్రీ.పూ. 404 తర్వాతి అంతర్యుద్ధ కాలంలో ఏథెన్సువాసి అరిస్టార్కస్ ఇంటికి బంధువుల ఆడవాళ్లు చేరి, ఇల్లు 14 మందితో నిండిపోయిందనీ, వాళ్లకు తిండి పెట్టలేక అతను దిగులుపడ్డాడనీ సోక్రటీసు శిష్యుడు జెనోఫోన్ రాశాడు. సోక్రటీసు సలహాతో అప్పు చేసి ఉన్ని కొనిచ్చాడు. వాళ్లు ఆ ఉన్నితో పని చేశారు, ఇల్లు నిలబడింది. చివరికి ఆ ఆడవాళ్లే, ఇంట్లో పని చేయకుండా తింటున్నది నువ్వొక్కడివేనని అతన్ని దెప్పారట. మరో గ్రీకు రాజ్యం స్పార్టా సంగతి వేరు. అక్కడ నేత బానిసలకు వదిలేశారు. స్వతంత్ర స్త్రీలు వ్యాయామం చేసేవాళ్లు. దేశంలోని భూమిలో దాదాపు ఐదింట రెండు వంతులు ఆడవాళ్ల చేతిలో ఉందని అరిస్టాటిల్ ఫిర్యాదు చేశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది క్రీట్ ద్వీపంలోని గోర్టిన్ చట్టం. క్రీ.పూ. 5వ శతాబ్దం మధ్యలో గోడ మీద చెక్కించారు. భార్యాభర్తలు విడిపోతే ఆమె తెచ్చుకున్న ఆస్తి ఆమెదే, దాని మీద వచ్చిన పంటలో సగం ఆమెది, ఇంట్లో తను నేసినదానిలోనూ సగం ఆమెదే. తప్పు భర్తదైతే పైన ఐదు స్టేటర్లు (వెండి నాణేలు) కట్టాలి. పిల్లలు లేకుండా ఆమె చనిపోతే, ఆమె నేతలో ఆ సగాన్ని భర్త ఆమె వారసులకు అప్పజెప్పాలి.