బలి ఇచ్చిన ఏనుగు ఖరీదు ఎంత?

1999 జనవరి 20న నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో రష్యా చెస్ ఆటగాడు గ్యారీ కాస్పరోవ్ తెల్లపావులతో బల్గేరియా ఆటగాడు వెసెలిన్ తోపలోవ్‌తో ఆడుతూ, 24వ ఎత్తులో తన ఏనుగుతో (రూక్) డి4 గడిలోని బంటును తీసుకున్నాడు (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను చెబుతుంది). ఆ బంటుకు పక్కనే సి5లో ఉన్న మరో బంటు కాపుగా ఉంది. అంటే ఐదు బంట్ల విలువ చేసే ఏనుగును ఒక్క బంటు కోసం వదులుకున్నట్టే. తోపలోవ్ ఏనుగును తీసుకున్నాడు. వెంటనే కాస్పరోవ్ రెండో ఏనుగును ఇ7కు నడిపి రాజుకు చెక్ చెప్పాడు. అది కూడా నల్లమంత్రి (క్వీన్) నోటికి నేరుగా అందే గడే. కానీ మంత్రి దాన్ని తీసుకుంటే తెల్లమంత్రి డి4లో చెక్ చెబుతుంది. రాజు బి8కు తప్పుకుంటే బి6లో మళ్ళీ చెక్. నల్లశకటం (బిషప్) అడ్డం పడితే ఏ5లో కాచుకుని ఉన్న గుర్రం సి6కు దూకి మూడో చెక్ చెబుతుంది. రాజు మూలకు ఒదిగితే ఏ7లో మంత్రితో ఆటకట్టు. తోపలోవ్ ఇదంతా చూసి రెండో ఏనుగును ముట్టకుండా రాజును బి6కు నడిపాడు. అక్కడి నుంచి ఆ రాజు ఏ5, ఏ4, ఏ3, బి4, సి3, డి2, డి1 గడుల మీదుగా చివరికి ఇ1 వరకు, అంటే తెల్లపావులు ఆట మొదలుపెట్టిన వరుస దాకా వెళ్ళాల్సి వచ్చింది. 44వ ఎత్తు తర్వాత తోపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఈ ఆటను నేటి చెస్ ఇంజిన్‌కు, అంటే చెస్ ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు చూపిస్తే, అది 24వ ఎత్తు దగ్గరే వేరే మాట చెబుతుంది. తోపలోవ్ మొదటి ఏనుగును తీసుకోకుండా అప్పుడే రాజును బి6కు నడిపి ఉంటే ఆట దాదాపు సమంగా సాగేది. తర్వాతి విశ్లేషణల్లో కాస్పరోవ్ కూడా ఈ సంగతి ఒప్పుకున్నాడు. మరి చెస్ చరిత్రలోనే గొప్ప ఆటల్లో ఒకటిగా చెప్పుకునే ఈ ఆటకు ప్రాణమైన బలి తప్పుడు ఎత్తా? దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం, ఎందుకంటే ఇందులో రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. ప్రత్యర్థి ఏ పొరపాటూ చేయకపోతే బలి నిలుస్తుందా అన్నది మొదటిది. పొరపాటు చేయకుండా ఉండటం ఆ ప్రత్యర్థికి ఎంత కష్టం అన్నది రెండోది. ఎవరిది ఎంత పైచేయో చెబుతూ తెర మీద ఇంజిన్ చూపించే అంకె మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు, కానీ మనలో చాలామందిమి దాన్ని రెండింటికీ తీర్పుగా చదువుతున్నాం.

ఆస్ట్రియా ఆటగాడు రుడాల్ఫ్ స్పీల్‌మన్ 1930లలోనే బలులను రెండు తెగలుగా విడదీశాడు. ఇచ్చినది కొద్ది ఎత్తుల్లోనే వడ్డీతో సహా తిరిగి వస్తుందని ముందుగానే లెక్క తేలితే అది పేరుకు మాత్రమే బలి. లెక్క చివరి దాకా తేలకపోయినా, ఆటగాడు తన అంచనా మీద నమ్మకంతో ఇచ్చేదే అసలైన బలి. 1956లో న్యూయార్క్‌లో 13 ఏళ్ళ బాబీ ఫిషర్ డొనాల్డ్ బర్న్‌తో ఆడుతూ 17వ ఎత్తులో మంత్రిని వదిలేయడం మొదటి తెగకు చెందుతుంది. బర్న్ మంత్రిని తీసుకున్నాడు. ఫిషర్ గుర్రం వరుస చెక్‌లతో రాజును అటూ ఇటూ తిప్పి, మంత్రికి బదులుగా ఒక ఏనుగును, రెండు శకటాలను, ఒక బంటును రాబట్టింది. బర్న్ మంత్రిని వదిలేసి ఎదురుగా ఉన్న శకటాన్ని తీసుకుని ఉంటే, సొంత పావుల మధ్యే ఊపిరాడక అతని రాజుకు ఆటకట్టు అయ్యేది. ఇటువంటి చోట ఇంజిన్‌కూ మనిషికీ పేచీ లేదు. ఇంజిన్లు కూడా ఆ ఎత్తే అన్నింటిలోకి మంచిదంటాయి. చిక్కంతా రెండో తెగతోనే.

ఆ చిక్కు అర్థం కావాలంటే ఇంజిన్ ఎలా లెక్కపెడుతుందో కొంత తెలియాలి. అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1950లో ప్రచురించిన పత్రంలో మంత్రికి 9, ఏనుగుకు 5, శకటానికి, గుర్రానికి 3 చొప్పున, బంటుకు 1 అని విలువలు కట్టి, ఎత్తులకు పైఎత్తులు పేర్చుకుంటూ పోయి చివరి స్థితికి మార్కులు వేసే పద్ధతిని వివరించాడు. సగటున ఒక్కో స్థితిలో 30 ఎత్తులు సాధ్యమనుకుంటే, ఇద్దరూ మూడేసి ఎత్తులు వేసేసరికి 72 కోట్ల 90 లక్షల దారులు తేలతాయి. అందుకని పనికిరాని కొమ్మలను ముందే నరికేసే ఉపాయాలు వచ్చాయి. అయినా ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఏనుగు పోయిన చోట లెక్క ఆపితే, దాని ప్రతిఫలం ఇంకో నాలుగు ఎత్తుల అవతల ఉన్నా యంత్రానికి నష్టమే కనిపిస్తుంది. దిగంతం అవతల ఉన్నది కంటికి ఆననట్టే ఇది. దీనికి విరుగుడుగా, పావులు కొట్టుకుంటున్న చోట లెక్క ఆపకుండా స్థితి నెమ్మదించే దాకా కొనసాగించే పద్ధతిని ప్రవేశపెట్టారు. దానితో కొట్లాటల మధ్య జరిగే బలులను యంత్రాలు చక్కగా పట్టుకోగలిగాయి. చెక్ కానీ కొట్టుడు కానీ లేని నిశ్శబ్దపు ఎత్తులు మాత్రం చాలాకాలం వాటి చూపుకు అందలేదు.

1998లో స్పెయిన్‌లోని లినారెస్‌లో అలెక్సీ షిరోవ్ ఇదే తోపలోవ్‌పై వేసిన 47వ ఎత్తు ఇందుకు మంచి ఉదాహరణ. ఇద్దరికీ బంట్లు కాక మిగిలింది ఒక్కో శకటమే, అవి కూడా వేర్వేరు రంగుల గడుల మీద ఐమూలగా నడిచేవి. ఇలాంటి ముగింపుల్లో బంట్లు ఎక్కువున్నా ఆట తరచు డ్రా అవుతుంది. నల్లపావులతో ఆడుతున్న షిరోవ్ తన శకటాన్ని హెచ్3లో, తెల్లబంటు ఊరికే తీసుకునే చోట పెట్టాడు. అది చెక్ కాదు, దేన్నీ కొట్టలేదు. కానీ తెల్లబంటు దాన్ని తీసుకునేలోపు నల్లరాజుకు ఎఫ్5 మీదుగా ఇ4కు చేరే దారి తెరుచుకుంటుంది, తెల్లరాజు అడ్డం రావడానికి ఒక్క ఎత్తు తక్కువ పడుతుంది. ఆ ఒక్క ఎత్తు కోసం శకటం మొత్తం ఖర్చయింది. 53వ ఎత్తుకు ఆట ముగిసింది. ఆ ఎత్తును ఇంజిన్లు ఏళ్ళ తరబడి సొంతంగా కనిపెట్టలేకపోయాయి.

అంతకు ముందటి ఏడాది, 1997 మేలో, కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించగలిగేది. చివరి ఆటలో అది 8వ ఎత్తుకే గుర్రాన్ని బలి ఇవ్వడం లోకాన్ని ఆశ్చర్యపరిచింది. అయితే ఆ ఎత్తు యంత్రం లెక్కగట్టి కనిపెట్టింది కాదు, మనుషులు ముందే దాని ఆరంభపు ఎత్తుల పట్టికలో రాసిపెట్టినది. ఈ తేడా నాకు ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే యంత్రం లెక్కతో కాకుండా అంచనాతో బలి ఇవ్వడం మరో ఇరవై ఏళ్ళకు గానీ స్పష్టంగా కనిపించలేదు. 2017 డిసెంబర్‌లో డీప్‌మైండ్ సంస్థ ప్రకటించిన ఆల్ఫాజీరో తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. స్టాక్‌ఫిష్ అనే మరో చెస్ ఇంజిన్‌తో ఆడిన వెయ్యి ఆటల పోటీలో అది 155 గెలిచి ఆరు ఓడింది, మిగతావి డ్రా అయ్యాయి. స్టాక్‌ఫిష్ సెకనుకు దాదాపు 6 కోట్ల స్థితులు చూస్తుంటే ఇది 60 వేలే చూసేది. అయినా తన పావులకు చోటు దొరుకుతుందనో ఎదుటి పావు మూలకు ఇరుక్కుపోతుందనో బంట్లను ధారాళంగా వదిలేసేది. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 కూడా స్థితికి మార్కులు వేసే పనిని ఉదాహరణల నుంచి నేర్చుకునే చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగించింది. అప్పటి నుంచి ఇంజిన్ అంకెలో పావుల ధరలకు పరిమితం కాని ఏదో అనుభవం కూడా కలిసి ఉంటోంది.

ఆ అంకె అర్థం కూడా మారింది. 2022 చివరి నుంచి స్టాక్‌ఫిష్‌లో ప్లస్ 1.00 అంటే ఒక బంటు ఎక్కువని కాదు, తెల్లపావులు గెలిచే అవకాశం సగానికి సగం ఉందని. ఆ సగం కూడా ఇంజిన్ తనలాంటి ఇంజిన్‌తోనే ఆడితే వచ్చే లెక్క. గడియారంలో మూడు నిమిషాలు మిగిలిన మనిషికి అది వర్తించదు.

1960లో మాస్కోలో ప్రపంచ కిరీటం కోసం 23 ఏళ్ళ మిఖాయిల్ తాల్ 48 ఏళ్ళ మిఖాయిల్ బోత్విన్నిక్‌తో తలపడ్డాడు. ఆరో ఆట 21వ ఎత్తులో అతను గుర్రాన్ని ఎఫ్4లో పెట్టి బలి ఇచ్చాడు. ప్రేక్షకుల కలకలం తట్టుకోలేక ఆటను లోపలి గదిలోకి మార్చాల్సి వచ్చింది. ఇంజిన్‌తో చూస్తే ఈ బలికి తగినంత ప్రతిఫలం లేదు. 25వ ఎత్తులో తెల్లపావులతో ఆడుతున్న బోత్విన్నిక్ ఎఫ్3లోని బంటును శకటంతో తీసుకుని ఉంటే పైచేయి తెల్లపావులదే. ఆయన అది వదిలి తాల్ మంత్రిని తీసుకున్నాడు, ఆటను పోగొట్టుకున్నాడు. చేతికి అందిన మంత్రిని వదిలి బంటును తీసుకోవడం ఎంత నిగ్రహం కోరే పనో ఇక్కడ తెలుస్తుంది. ఇంజిన్‌కు మంత్రి మీద ఆశ లేదు, భయమూ లేదు. అందుకే అది తాల్‌ను తప్పుపట్టడం న్యాయమే, కానీ ఆ తప్పు ఎందుకు గెలిచిందో అది చెప్పదు.

రెండో ప్రశ్నను కూడా కంప్యూటర్‌తోనే అడగవచ్చు, అడిగే తీరు మారాలంతే. ఒక్క అంకెను చూడకుండా, బలికి ప్రత్యర్థి ఇవ్వగల మంచి జవాబులు నాలుగైదింటిని పక్కపక్కనే చూపించమనాలి. వాటిలో మూడు నాలుగు నిలిచేవైతే బలి బలహీనం. ఒక్కటే నిలిచి మిగతావన్నీ ఓటమికి దారితీస్తే, అంకె సున్నా, అంటే ఆట సమమని చూపిస్తున్నా ప్రత్యర్థి నూలుపోగు మీద నడుస్తున్నాడని అర్థం. ఆ ఒక్క జవాబు ఇంజిన్‌కు ఎంత లోతుకు వెళ్ళాక కనిపించిందో కూడా గమనించాలి. 2020లో టొరంటో, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి చేసిన మాయా అనే ప్రోగ్రామ్ మరో అడుగు ముందుకు వేసింది. అది మంచి ఎత్తు కోసం వెతకదు. మనుషులు ఆన్‌లైన్‌లో ఆడిన ఆటల నుంచి నేర్చుకుని, ఆట బలాన్ని కొలిచే రేటింగ్‌లో 1100 నుంచి 1900 వరకు ఒక్కో స్థాయి మనిషి ఆ స్థితిలో ఏ ఎత్తు వేస్తాడో ఊహిస్తుంది. స్టాక్‌ఫిష్ చెప్పే సరైన జవాబును, మాయా చెప్పే మానవ జవాబును పక్కపక్కన పెట్టి చూస్తే, బలి ఎవరి మీద పనిచేస్తుందో కొంతవరకు తూచవచ్చు.

కాస్పరోవ్ 24వ ఎత్తు స్థితిని బోర్డు మీద పేర్చి, ఇంజిన్ ఆపి, నల్లపావుల వైపు కూర్చుని చూడండి. ఎదురుగా ఉచితంగా ఒక ఏనుగు ఉంది. దాన్ని వదిలి, రాజును గూట్లోంచి బయటికి, శత్రువు గుర్రం ఎదుటికి నడపాలి. తోపలోవ్ రాజు కూడా బి6కు వెళ్ళింది, ఏనుగును తీసుకున్నాక, ఒక్క ఎత్తు ఆలస్యంగా.