ప్యాకెట్ లేని పొగాకు: సిరోంచ ఖర్రా వెనుక కథ

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ. చాలా ఇళ్లలో మాట తెలుగే. పాన్ ఠేలా దగ్గర “అన్నా, ఒక ఖర్రా” అంటే చాలు. సుపారీ ముక్కలు, వాసన పొగాకు, కాస్త సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి, పొడిపొడి అయ్యేదాకా అరచేతి కింద గట్టిగా రుద్ది పొట్లం చేతిలో పెడతాడు. ఆ పొట్లం మీద కంపెనీ పేరుండదు, నోటి క్యాన్సర్ బొమ్మ ఉండదు. మన పొగాకు చట్టాలు మాత్రం ఎక్కువగా ప్యాకెట్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఖర్రా వాటికి దొరకకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

పొగాకు మన మొక్క కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల వైపు పుట్టింది. 1492లో కొలంబస్ మనుషులు కరేబియన్ దీవుల్లో దాన్ని చూశారు. తర్వాత పోర్చుగీసు ఓడల్లో మన పడమటి తీరానికి చేరింది. 1604 ప్రాంతంలో అక్బర్ దూత అసద్ బేగ్‌కు బీజాపూర్‌లో పొగాకు కనబడింది. అతను తెచ్చి ఇస్తే అక్బర్ రుచి చూశాడు. ఆస్థాన వైద్యుడు అడ్డుపడ్డాడు: మన పెద్దలు పరీక్షించని వస్తువును పరదేశీయులు వాడుతున్నారని మనమూ వాడాలా అని. అంటే పొగాకు దక్కన్ నుంచి మొగల్ దర్బారుకు వెళ్లిన రోజునే దాని మీద వాదన మొదలైంది. 1617లో జహంగీర్ నిషేధించాడు. ఆ నిషేధం నిలవలేదు.

ఇంగ్లీషువాళ్ల కాలంలో గుంటూరు వైపు సిగరెట్ కంపెనీల కోసం వర్జీనియా పొగాకు పెరిగింది. ఈ అడవుల్లో అవసరమైంది బీడీ చుట్టే తునికాకు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో బీడీకి ఊపొచ్చింది, గోందియా, కామఠీ, జబల్‌పూర్ వైపు కార్ఖానాలు వెలిశాయి. ఇప్పటికీ ఏప్రిల్, మే నెలల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోతారు. ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి, ఇంటి ముందు కూర్చుని ఆకు ఆకూ చూసి కట్టలు కడతారు. నదికి ఇవతల తెలంగాణలో కట్టకు 50 ఆకులు, అవతల మహారాష్ట్రలో 70. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం వచ్చాక గడ్చిరోలిలో చాలా గ్రామసభలు ఆకును సొంతంగా అమ్ముకుంటున్నాయి. ఆ డబ్బుతోనే విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు. పొగాకు చెడ్డదని ఇక్కడ చెప్పేవాళ్లు ముందు ఈ లెక్క తెలుసుకుని మాట్లాడాలి.

సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్ గట్టిగా చూపించారు. మన దగ్గర 1975లో వచ్చిన చట్టం సిగరెట్ ప్యాకెట్ మీద హెచ్చరిక రాయమంది, అంతే. బీడీని, నమిలే పొగాకును వదిలేసింది. అవి చట్టం కిందికి రావడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు, బడికి వంద గజాల లోపు అమ్మకూడదు అన్న నియమాలు అప్పటివే. ప్యాకెట్ల మీద బొమ్మలు 2009లో వచ్చాయి. పేదవాడి వస్తువని, చేతిపని అని బీడీకి పన్నులో దశాబ్దాలుగా మినహాయింపులు నడిచాయి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్, గుట్కాలకు 40 శాతం నిర్ణయించి, బీడీకి 28 నుంచి 18కి తగ్గించింది. కార్మికుల బతుకు నిజమే కానీ, ఆ బీడీ తాగేవాడూ కూలివాడే. అతని ఊపిరితిత్తుల సంగతి కూడా ఆ లెక్కలో ఉండాల్సింది.

2012లో మహారాష్ట్ర గుట్కాను నిషేధించింది. తర్వాత వాసన పొగాకు, వాసన సుపారీ కూడా ఆ జాబితాలో చేరాయి. అంటే ఖర్రాలో పడే వాసన పొగాకు అమ్మకమే నేరం. అయినా ఠేలాలో అది రోజంతా తయారవుతూనే ఉంది, ఆడవాళ్లు, బడి పిల్లలు కూడా తింటున్నారు. సుపారీ వల్ల నోటి లోపలి పొర గట్టిపడి, మూడు వేళ్లు కూడా దూరనంతగా దవడలు బిగుసుకుపోతాయి. కారంతో అన్నం తినలేక మంచినీళ్లతో మింగే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఉన్నారు. ఆ దశ దాటితే క్యాన్సర్ భయం.

గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల సంస్థ ‘సెర్చ్’ తోడుగా 2016లో మొదలైన ‘ముక్తిపథ్’ మద్యంతో పాటు పొగాకు మీదా పనిచేస్తోంది. ఆడవాళ్లు కమిటీలుగా కూడి, ఊళ్లో ఖర్రా అమ్మకూడదని గ్రామసభల్లో తీర్మానాలు చేయిస్తున్నారు. ఆకు అమ్ముకునేదీ గ్రామసభే, ఖర్రా వద్దనేదీ గ్రామసభే. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. ఆకు వాళ్ల కూలి, ఖర్రా వాళ్ల పిల్లల నోరు.

అయితే తీర్మానం ఊళ్లోని ఠేలాను ఆపగలదు గానీ, బయటి నుంచి వచ్చే వాసన పొగాకు డబ్బాలను ఆపలేదు. ఆ పని ఆహార భద్రత అధికారులది, పోలీసులది. ఆహార భద్రత చట్టం ప్రకారం ఒక్కో నిషేధ ఉత్తర్వు ఏడాదికి మించి నిలవదు, మళ్లీ కొత్తది ఇవ్వాలి. గుట్కా విషయంలో తెలంగాణదీ ఇదే పద్ధతి. వంతెనకు రెండు వైపులా ఉన్న అధికారులు ఆ ఉత్తర్వులను ఒకే రోజు, కలిసి అమలు చేయడం ఇంకా మొదలు కావాలి.