రక్తపు చుక్క కొండెక్కింది, స్కానింగు దిగువనే ఉండిపోయింది

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఒక మనిషి నెల తప్పిందంటే హిమోగ్లోబిన్, షుగరు, బీపీ, హెచ్‌ఐవీ, సిఫిలిస్, మూత్రంలో ప్రోటీను ఈరోజు ఊళ్ళోనే చూడొచ్చు. ఊళ్ళో తిరిగే నర్సమ్మ, అంటే ఏఎన్‌ఎం, సంచిలో పట్టే సరుకు అది. బిడ్డ వెన్నెముక మూసుకుందా, గుండెకి నాలుగు గదులూ ఉన్నాయా అన్నది చూడాలంటే మాత్రం ఆమే కొండ దిగి రావాలి. ఈ తేడాకి యంత్రం ఖరీదు ఒక్కటే కారణం కాదు. దీని వెనక యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఈ రెండు మండలాలూ పార్వతీపురం మన్యంలో చేరాయి. అంతకు ముందు ఒకటి శ్రీకాకుళానిది, రెండోది విజయనగరానిది. కొండ ఎక్కి దిగే దారులు మాత్రం అవే.)

కడుపులోని గడ్డల్నీ పిండాన్నీ ధ్వని తరంగాలతో చూడొచ్చని గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం 1958లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. 1966 నాటికి ఉమ్మనీటిలోని కణాలను పెంచి క్రోమోజోములు చూడటం సాధ్యమైంది. 1970లలో ఉమ్మనీటి పరీక్ష మన దేశానికి వంశపారంపర్య జబ్బులు పట్టుకోవడానికే వచ్చింది. కొన్నేళ్ళకే అది ఆడపిల్లని గుర్తించి తీసేయించే దారి అయింది. దాన్ని ఆపడానికి మహారాష్ట్ర 1988లో చట్టం తెచ్చింది. కేంద్ర చట్టం 1994లో వచ్చి 1996 జనవరి 1 నుంచి అమలైంది. అప్పటికే ఆ పని ఉమ్మనీటి సూది నుంచి అల్ట్రాసౌండుకి మారిపోయింది. 2003 సవరణ ఆ యంత్రాలను చట్టం కిందకి గట్టిగా లాగింది.

అక్కడినుంచే స్కానింగు గోడల మధ్యకి చేరింది. నమోదు కాని చోట యంత్రం ఉండకూడదు. గర్భిణికి చేసే ప్రతి స్కానుకీ, ఎవరికి ఎందుకు చేశారో రాసే ఫారం ఎఫ్ నింపాలి. 2012 నిబంధనల ప్రకారం చేత్తో మోసుకెళ్ళే యంత్రాన్ని రెండు చోట్లే వాడొచ్చు: నమోదైన ఆసుపత్రి ఆవరణలో చేరి ఉన్న రోగులకి, లేదా ఇతర వైద్యసేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలో. ఆ ఏడాదే ఒక డాక్టరు జిల్లాలో రెండు స్కాను కేంద్రాలకు మించి చూడకూడదన్నారు. 2014లో ఎంబీబీఎస్ డాక్టర్లకు ఆరు నెలల శిక్షణ తప్పనిసరి చేశారు. ఫారం ఎఫ్‌లో ఖాళీలు వదలడం గుమస్తా పొరపాటు కింద రాదని, అది నేరమేనని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ చట్టం అవసరం మా రెండు జిల్లాలకి లేదని కొందరంటారు. 2011 జనగణనలో వెయ్యి మంది మగవాళ్ళకి శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్ళున్నారని చూపిస్తారు. ఆ లెక్కలో వలస ఉంది. మగవాళ్ళు పనులకి వెళ్ళిపోయిన ఊళ్ళో ఆడవాళ్ళ సంఖ్య ఎక్కువే కనిపిస్తుంది. చూడాల్సింది ఆరేళ్ళలోపు పిల్లల నిష్పత్తి. అది చూడకుండా చట్టం సడలించమని అడగడం తప్పు దారి. చట్టమే అనుమతించిన సంచార వాహనం గురించి, నమోదైన ఆసుపత్రికి సరైన వారంలో మనిషిని చేర్చే బండి గురించి అడగాలి.

రక్తపు చుక్కది వేరే ప్రయాణం. దానికి చట్టం అడ్డు లేదు, కానీ ఒక్కో పరీక్ష ఒక్కో పథకం వెంట, ఒక్కో రిజిస్టరుతో వచ్చింది. తల్లినుంచి బిడ్డకి హెచ్‌ఐవీ సోకకుండా చూసే కార్యక్రమం 2002లో మొదలైంది. 2005 తరవాత అంగన్‌వాడీలో ఆరోగ్య పోషణ దినం వచ్చింది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీకున డాక్టరు చూసే రోజు వచ్చింది. 2018లో రక్తహీనత కార్యక్రమంతో డిజిటల్ హిమోగ్లోబిన్ మీటరు వచ్చింది.

అంతకు ముందు సాహ్లీ గొట్టమే దిక్కు. 20 మైక్రోలీటర్ల రక్తాన్ని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి, 10 నిమిషాలు ఆగి, చుక్క చుక్కగా నీళ్ళు కలుపుతూ పక్కనున్న గాజు రంగుకి సరిపోయాక అంకె చదవాలి. రద్దీలో పది నిమిషాలు ఎవరూ ఆగరు. పాత పెట్టెలో గాజు రంగు వెలిసిపోతుంది. దాంతో ఎవరికి చూసినా పది దగ్గరే తేలేది. మీటరు వచ్చాక ఆ తంటా తప్పింది, కొత్తవి వచ్చాయి. వేలిని గట్టిగా పిండితే కణజాలపు నీరు కలిసి అంకె తగ్గుతుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా అంతే. మొదటి చుక్క తుడిచేసి, తనంతట తాను ఉబికిన రెండో చుక్కే తీసుకోవాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే చెమ్మ తగిలి పాడవుతాయి. హిమోగ్లోబిన్ 11కి తక్కువైతే రక్తహీనత, 7కి తక్కువైతే తీవ్రం.

షుగరు పరీక్షకి చెన్నైలో డాక్టర్ వి. శేషయ్య ముందుండి ప్రచారం చేసిన పద్ధతే దేశమంతటా వాడుతున్నారు. పరగడుపున రమ్మంటే దూరం నుంచి వచ్చే మనిషి మళ్ళీ రాదన్న ఎరుక దాని వెనక ఉంది. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు 300 మి.లీ. నీళ్ళలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగించాలి. రెండు గంటల తరవాత చూస్తే 140, అంతకు మించి ఉంటే గర్భిణీ మధుమేహం. నీటి అణువుతో ఉండే గ్లూకోజు పొడి అయితే 82.5 గ్రాములు తూచాలి. చాలాచోట్ల తప్పేది ఇక్కడే. అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్ళీ చేయాలి. ఆ రెండు గంటలూ ఆమె అంగన్‌వాడీలోనే కూర్చోవాలి. ఇంటికెళ్ళి నీళ్ళు మోసి వస్తే అంకె తగ్గి నమ్మలేనిదైపోతుంది. మొదటి చూపులో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేయాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంకొకటి జత చేయాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీను పెద్దగా కనిపించకపోవచ్చు. మూత్రంలో పరీక్ష పుల్ల ముంచి బాగుందని పంపేస్తే సరిపోదు. మూడు నెలల లోపే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె) చూడాలి. గర్భంలో అది మామూలుగానే తగ్గి 0.4 నుంచి 0.8 మధ్య ఉంటుంది. 0.9 ఉన్నా ల్యాబు కాగితం మీద నార్మల్ అనే అచ్చవుతుంది, గర్భిణికి అది నార్మల్ కాదు. మొదట్లో ఈ అంకె రాసి ఉంచకపోతే ఏడో నెలలో బీపీ పెరిగినప్పుడు అది పాత కిడ్నీ జబ్బో, గర్భంతో వచ్చిందో చెప్పడం డాక్టరుకి కష్టం.

కొండల మీద అన్నిటికంటే చిక్కు సికిల్ సెల్‌ది, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బుది. మన దేశంలో దాన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో మొదట గుర్తించారు. 2047కల్లా తుడిచిపెట్టాలని జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది. ఊళ్ళో చేసేది సాల్యుబిలిటీ పరీక్ష: మందు నీళ్ళలో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, గొట్టం వెనక గీతలున్న కాగితం పట్టుకుంటే, గీతలు కనిపించకపోతే సికిల్ ఉన్నట్టు. ఇది వాహకులెవరో (జబ్బు లేకుండా దాని జన్యువు మోసేవారు) జబ్బున్నవారెవరో విడదీయలేదు, ఇంకో వంశపారంపర్య రక్త జబ్బు తలసీమియాని అసలే పట్టదు. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంటే ఉన్నదాన్ని లేదని చూపిస్తుంది. రక్తహీనత ఎక్కువగా ఉండే ఈ కొండల్లో అది చిన్న లోపం కాదు. హిమోగ్లోబిన్ 7 లోపు ఉన్నవారికి రక్తం రెట్టింపు వేయాలి, లేదా నేరుగా హెచ్‌పీఎల్‌సీకి (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ల్యాబు పరీక్ష) పంపాలి. అందుకు ఊదా మూత గొట్టంలో 2 మి.లీ. తీసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తిప్పి, ఐసులా గట్టిపడనీయకుండా చల్లగా పంపాలి. గొట్టం మీద పేరొక్కటే రాస్తే ప్రమాదం. ఒకే ఊళ్ళో ఒకే పేరువాళ్ళు నలుగురుంటారు. గర్భిణిగా నమోదైనప్పుడు ఇచ్చే ఆర్‌సీహెచ్ నంబరు తప్పక ఉండాలి.

ఇక వారాల సంగతి. ఆఖరి ముట్టు తారీకు గుర్తులేని మనిషిని తారీకు అడిగి లాభం లేదు. కంది కొత్త పండగకి ముందా వెనకా, సంక్రాంతికి ఎన్నాళ్ళ తరవాత అని అడిగితే ఆశ కార్యకర్త దగ్గర దగ్గరగా పట్టగలదు. 11 నుంచి 13 వారాల మధ్య స్కానులో బిడ్డ పొడవు కొలిస్తే వారం లోపు తేడాతో వయసు తెలుస్తుంది. ఎనిమిదో నెలలో చేస్తే రెండు మూడు వారాలు అటూఇటూ అవుతుంది. బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే టిఫ్ఫా స్కానుకి 18 నుంచి 20 వారాలు అదను. మరీ ముందైతే గుండె చిన్నది. బాగా ఆలస్యమైతే ఎముకల నీడ అడ్డొస్తుంది. 2021 వరకు గర్భస్రావానికి చట్టం 20 వారాలే గడువిచ్చింది. ఇరవయ్యో వారంలో లోపం తేలిన కుటుంబానికి ఆలోచించుకునే వ్యవధి ఉండేది కాదు. ఆ ఏడాది సవరణ బిడ్డలో తీవ్ర లోపం వంటి కారణాలకి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా, తీవ్ర లోపమైతే మెడికల్ బోర్డు అనుమతితో ఆపైనా వీలిచ్చింది. ఏం చేయాలన్నది ఆ కుటుంబం నిర్ణయం. బిడ్డని కనదలచుకున్నవారికి కూడా ఎక్కడ కాన్పు చేయించాలో ముందే తెలియడం ప్రాణం నిలిపే సమాచారం.

సికిల్‌లో లెక్క ఇంకా బిగువు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బుకి. మాయ నుంచి ముక్క తీసి చూసే పరీక్ష 11 నుంచి 14 వారాల్లో, ఉమ్మనీటిది 16 దగ్గర, పెద్ద నగరంలోనే. ఆమె 8వ వారంలో నమోదైతే: అదేరోజు సాల్యుబిలిటీ, హెచ్‌పీఎల్‌సీ ఫలితానికి వారం, ఆ తరవాత భర్తకి కబురు, అతని ఫలితానికి ఇంకో వారం. అప్పటికి 10 నిండుతాయి. భర్త హైదరాబాదులో కట్టడం పనిలో ఉంటే అక్కడే నెల గడిచిపోతుంది. అందుకే వాహకురాలని తేలేదాకా ఆగకుండా, నమోదు రోజే ఇద్దరి రక్తమూ తీయాలి. అతను పండక్కి ఊరొచ్చిన రోజున తీసి ఉంచినా సరే. ఆశ్రమ పాఠశాలలో చదివినప్పుడు ఆమెకి ఈ పరీక్ష అయ్యుంటే ఆ ఫలితం రాసిన కార్డు ఇంట్లోనో, బడి బీరువాలోనో ఉంటుంది. గర్భిణీ కార్డు రాసేటప్పుడు ఏఎన్‌ఎం మొదట అడగాల్సింది ఆ కార్డు గురించే.