టాండెమ్ సోలార్ సెల్: 1.68 అనే అంకె వెనక కథ

2025 ఏప్రిల్‌లో చైనా కంపెనీ లాంగి సిలికాన్-పెరోవ్‌స్కైట్ టాండెమ్ సెల్‌తో, అంటే సిలికాన్ సెల్ మీద పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థపు సెల్‌ను పేర్చిన జంట సెల్‌తో, 34.85 శాతం సామర్థ్యం చూపించింది. ఇలాంటి రికార్డు వచ్చినప్పుడల్లా ఒక పాత ప్రశ్న పైకొస్తుంది: పైన వేసే పెరోవ్‌స్కైట్ పొరకు బ్యాండ్ గ్యాప్, అంటే కాంతిని పీల్చుకోవడానికి ఆ కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, ఎంత పెట్టాలి?

కింద సిలికాన్ అనుకున్నాక దాని 1.12 ఎలక్ట్రాన్ వోల్టులను మార్చలేం. మార్చగలిగేది పై పొరనే. దాని గ్యాప్ కన్నా తక్కువ శక్తి ఉన్న కాంతి కిందికి జారిపోతుంది. రెండు సెల్స్‌నూ సిరీస్‌లో కలుపుతారు కాబట్టి ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లాంటి వ్యవహారం, ఒకటి వెనకబడితే రెండోదీ ఆ నడకే నడవాలి. కాగితం మీద లెక్కేస్తే పైదానికి 1.73 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సరిపోతుంది. పెరోవ్‌స్కైట్‌లో ఉండే అయోడైడ్‌కు బ్రోమైడ్ కలుపుతూ పోతే గ్యాప్ పెరుగుతుంది, కాబట్టి పని సులువేననుకున్నారు.

2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఫలితం దీన్ని తలకిందులు చేసింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. బ్రోమైడ్ ఎక్కువ కలిపిన పొర మీద ఎండంత వెలుతురు వేస్తే, నిమిషం తిరక్కుండానే అది 1.68 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కొత్త కాంతి వెలువరించింది, అంటే పొరలో కొంత భాగం గ్యాప్ అక్కడికి పడిపోయిందన్నమాట. బ్రోమైడ్ పాళ్లు మార్చినా ఆ అంకె మారలేదు. వెలుతురు పడగానే అయోడైడ్ ఒకచోట, బ్రోమైడ్ ఒకచోట గుమిగూడుతున్నాయి. కొద్ది నిమిషాలు చీకట్లో ఉంచితే మళ్లీ కలిసిపోతున్నాయి. ఎండలో పనిచేయాల్సిన పదార్థం ఎండ తగలగానే విడిపోతే ఎలా? వాళ్లు వాడిన పదార్థంలో బ్రోమైడ్ 20 శాతం లోపు ఉన్నప్పుడే పొర నిలకడగా ఉంది.

దీనికి మందు ఉందని ఇంకో పక్షం అంటుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్ బృందం పెరోవ్‌స్కైట్‌లో ఫార్మమిడినియం, సీజియం అనే అయాన్లు కలిపి 1.74 దగ్గర చాలావరకు నిలకడ సాధించింది. గ్యాప్ పెరిగితే వోల్టేజ్ కూడా పెరుగుతుందన్నది వాళ్ల వాదన. అదీ నిజమే. అయినా 2020 జనవరిలో బెర్లిన్ హెల్మ్‌హోల్ట్జ్ పరిశోధన కేంద్రం ప్రకటించిన 29.15 శాతం రికార్డు సెల్‌లో పై పొర గ్యాప్ 1.68.

అదే ఏడాది సౌదీలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం వాళ్లు సెల్స్‌ను ఆరుబయట పెట్టి చూశారు. వేడెక్కితే సిలికాన్ గ్యాప్ తగ్గుతుంది, పెరోవ్‌స్కైట్ గ్యాప్ పెరుగుతుంది. దాంతో పై సెల్‌కు కాంతి తగ్గి, మొత్తం కరెంట్ దాని దగ్గరే ఇరుక్కుపోతుంది. అందుకే వేడి ప్రాంతాలకు 1.68 కన్నా తక్కువే మేలని తేల్చారు. గ్యాప్ తగ్గితే బ్రోమైడ్ అవసరమూ తగ్గుతుంది, 2015 నాటి బెడదా తగ్గుతుంది.

రికార్డులన్నీ 25 డిగ్రీల దగ్గర కొలిచినవే. 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కులో ఇప్పుడున్నవి మామూలు ప్యానెళ్లే కానీ, మే నెల మధ్యాహ్నం వాటి మీద అరచెయ్యి ఆనిస్తే నిలవదు. టాండెమ్ ప్యానెళ్లు మార్కెట్‌లోకి వచ్చేశాయి. 2024 సెప్టెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ 24.5 శాతం సామర్థ్యమున్న టాండెమ్ ప్యానెళ్లను అమెరికాకు పంపింది. మన దాకా వచ్చేలోపు మన ఎండకు ఏ గ్యాప్ నప్పుతుందో కర్నూలులోనో అనంతపురంలోనో ఆరుబయట పెట్టి కొలవాలి.