సిట్‌కామ్ (టీవీ హాస్య ధారావాహిక) లైవ్ ఎపిసోడ్: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఎలాగూ ప్రేక్షకుల ముందే తీస్తారు కదా, లైవ్‌లో కొత్తేముంది?

స్టూడియో ప్రేక్షకుల ముందు తీసే మామూలు ఎపిసోడ్‌కి మూడు నాలుగు గంటలు సులువుగా పడతాయి. సీన్లు ఒకటికి రెండుసార్లు చేస్తారు. పేలని జోకును రచయితలు అక్కడికక్కడే మార్చేస్తారు. చివరికి ఎడిటర్ మంచి ముక్కలు ఏరి అతికిస్తాడు. లైవ్‌లో ఈ వెసులుబాటు ఏదీ లేదు. అమెరికన్ నెట్‌వర్క్ అరగంట స్లాటులో ప్రకటనలు పోగా మిగిలే 21, 22 నిమిషాల్లోనే అంతా అయిపోవాలి. ‘30 రాక్’ అనే అమెరికన్ సిట్‌కామ్‌ది ఇంకా కష్టం: అది ప్రేక్షకులు లేకుండా సింగిల్ కెమెరాతో తీసే షో. 2010 అక్టోబర్ 14 నాటి లైవ్ కోసం ‘సాటర్డే నైట్ లైవ్’ అనే లైవ్ కామెడీ షో జరిగే 8హెచ్ స్టూడియోకి మారి, పద్ధతే మార్చుకోవాల్సి వచ్చింది.

అపోహ: నటులు అప్పటికప్పుడు అల్లేస్తారు.

‘డ్రూ కేరీ షో’ అనే సిట్‌కామ్ కావాలనే అలాంటి లైవ్ ఎపిసోడ్లు చేసింది. మిగతాచోట్ల మాట మార్చడం నేరమే. ప్రతి షాట్‌కీ నంబరు ఉంటుంది, కెమెరా కట్ ఫలానా మాట మీద పడుతుంది. ఆ మాట రాకపోతే డైరెక్టర్ చేతిలో తప్పు షాట్ మిగులుతుంది.

అపోహ: ప్రేక్షకులు ఎంత నవ్వితే అంత మంచిది.

అసలు తంటా ఇక్కడే. వంద జోకులున్న స్క్రిప్టులో ఒక్కో నవ్వు రిహార్సల్ కన్నా ఒక్క సెకను సాగినా వంద సెకన్లు పోయినట్టే. నెట్‌వర్క్ ఆగదు. అందుకే చివరి నుంచి వెనక్కి లెక్కగట్టి, ఏ పేజీ ఏ నిమిషానికి ముగియాలో ముందే రాసుకుంటారు. స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి “పన్నెండు సెకన్లు ఎక్కువ” అని హెడ్‌సెట్‌లో చెబుతూనే ఉండాలి. తీసేయదగ్గ డైలాగులు చివరి భాగంలో పెట్టుకోవడం మేలు, ఎంత కోయాలో తేలేది అప్పుడే. వాటిలో కథకు కావలసిన సమాచారం గానీ, కెమెరా కదలిక గానీ ఉండకూడదు. సమయం మిగిలితే చివరి వీడ్కోలును సాగదీస్తారు, అది తేలిక.

నటుడి వంతు ఇంకోటి. నవ్వు పతాకస్థాయి దాటి దిగడం మొదలవగానే తర్వాతి మాట అందుకోవాలి. పూర్తిగా ఆగేదాకా చూస్తే ఊపు చస్తుంది. తొందరపడితే మాట నవ్వులో మునుగుతుంది, దాని మీద ఆధారపడ్డ తర్వాతి జోకూ పోతుంది.

అపోహ: బట్టలు మార్చడం చిన్న విషయం.

ఇది రాసేటప్పుడే తేలాలి: మారాల్సిన నటుడు లేని సీను మధ్యలో ఉండాలి. చొక్కాకు గుండీలు పైకి అలంకారమే, లోపల వెల్క్రో. దాని చప్పుడు మైక్ పట్టేస్తుంది కనుక నటుడు సెట్టు దాటగానే సౌండ్ ఇంజనీర్ మ్యూట్ చేయాలి. తిరిగి వచ్చేటప్పుడు తెరవడం మరిస్తే మొదటి మాట ఎగిరిపోతుంది. ‘30 రాక్’లో టీనా ఫే వేసే లిజ్ పాత్రలో, ఫ్లాష్‌బ్యాక్‌ల వరకు జూలియా లూయీ-డ్రైఫస్ కనిపించింది. టీనా ఫేకి ఆ పరుగే తప్పింది. ముచ్చటైన పరిష్కారం!

అపోహ: ఒక్కసారి చేస్తే దేశమంతా చూస్తుంది.

అమెరికా తూర్పు, పశ్చిమ తీరాలకు మూడు గంటల తేడా. అందుకే 2005 సెప్టెంబర్ 29న ‘విల్ అండ్ గ్రేస్’ సిట్‌కామ్ రెండుసార్లు ఆడింది, ‘30 రాక్’ కూడా అంతే. రెండో ఆటకు ముందు విరిగినవి, తిన్నవి, తడిసినవి అన్నీ జాబితా చూసి మళ్లీ సర్దాలి.

అపోహ: మాట తడబడితే షో పోయినట్టే.

2019లో ఏబీసీ నెట్‌వర్క్ పాత సిట్‌కామ్‌లను లైవ్‌గా మళ్లీ ఆడించినప్పుడు నటుడు జేమీ ఫాక్స్ తడబడి, ఇది లైవ్ అని నవ్వేశాడు. ప్రేక్షకులూ నవ్వారు. కానీ రోజూ ఆ చిట్కా పనిచేయదు. మరిచిపోయినవాడు వెనక్కి వెళ్లకూడదు, ఎదుటి నటుడు ఆ సమాచారాన్ని ప్రశ్నగా అడిగి రాబట్టాలి. ఈలోగా డైరెక్టర్ అందరూ కనిపించే వైడ్ షాట్‌కి వెళ్లి, కథ మళ్లీ దారిలో పడేదాకా అక్కడే ఉంటాడు.